కలువ పిలక బతికితేనే లెక్క

ఆఫ్ క్యాంపస్ డ్రైవ్ రిజల్ట్ కోసం మెయిల్ రిఫ్రెష్ చేస్తూ, మధ్యలో ఫోన్ స్క్రోల్ చేస్తున్నప్పుడు మీకూ ఆ రీల్ కనబడే ఉంటుంది. మేడ మీద వరసగా నల్ల టబ్బులు, వాటిలో నీలం, ఊదా, గులాబీ రంగు కలువలు. వెనక నుంచి హుషారైన గొంతు: ‘‘ఒక్క ఆకు చాలు ఫ్రెండ్స్, ఏడాదిలో వెయ్యి మొక్కలు. ఇంక ఉద్యోగంతో పనేముంది?’’

ఆ వీడియోలో పువ్వులు నిజం. ఆకు నుంచి మొక్క రావడమూ నిజమే. నా అభ్యంతరమంతా ఆ వెయ్యి దగ్గరే.

నేను ఇంజినీరింగ్ చదివాను, టెక్ గురించి రాస్తుంటాను, మూడేళ్లుగా మేడ మీద కలువలు పెంచుతున్నాను. కాబట్టి ఈ మాట మొక్కల మీద చిన్నచూపుతో అంటున్నది కాదు. ఉద్యోగం వెతుక్కుంటున్న మీ చేతిలో ఉన్నవి రెండే: ఇంట్లో అడిగి తెచ్చుకున్న కొద్దిపాటి డబ్బు, కొన్ని నెలల టైమ్. ఆ రెండూ ఎవరో గుణించి చూపించిన అంకె మీద పెట్టేముందు, ఆ అంకెను ఒకసారి విప్పి చూద్దాం.

ఒక తల్లి మొక్క నుంచి 10 పిలకలు తీశారనుకోండి. ఆ పదీ పెరిగి ఒక్కోటి పదేసి ఇస్తే 100. ఆ వందా పదేసి ఇస్తే 1000. రీల్‌లో వెయ్యి వచ్చింది ఇలాగే. ఇప్పుడు ప్రతి పదింట్లో 8 మాత్రమే బతికాయనుకోండి. 8, 64, 512. వెయ్యి కాస్తా సగానికి పడింది. మరి పదింట్లో 3 మాత్రమే బతికితే? 3, 9, 27. అంతే. మూడు తరాలు కష్టపడ్డాక మీ మేడ మీద ఉండేవి 27 మొక్కలు. స్కూల్లో చేసిన చక్రవడ్డీ లెక్కే ఇది, వడ్డీ రేటు ఉండాల్సిన చోట బతికిన పిలకల శాతం కూర్చుంది. పిలకను పుట్టించడం ఎవరికైనా వస్తుంది, ఎందుకంటే ఆ పని మొక్కే చేస్తుంది. పుట్టిన పిలకను మొదటి ఆరు వారాలు దాటించడానికే మనిషి కావాలి. ఈ పనిలో ఎవరైనా మీకు డబ్బులిస్తే ఆ ఆరు వారాలకే ఇస్తారు.

ఏ కలువకు పిలక వస్తుంది?

ముందు చిన్న క్లారిటీ. మనలో చాలామంది కలువనీ తామరనీ కలిపేస్తుంటాం. తామర ఆకు గుండ్రంగా, చీలిక లేకుండా నీటిపైకి లేచి నిలబడుతుంది. కలువ ఆకుకు అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది, నీటి మీద పరుచుకుంటుంది. చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా వృక్షశాస్త్రం ప్రకారం వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. కలువల్లో మళ్లీ రెండు వర్గాలు అమ్మకానికి వస్తాయి. చలిని తట్టుకునే ‘హార్డీ’ రకాలు అల్లం కొమ్ములాంటి అడ్డదుంపతో పాకుతాయి. కొమ్ము విరిచి నాటితే పని అయిపోతుంది. రెండోది ‘ట్రాపికల్’, అంటే ఉష్ణమండల కలువలు. మన చెరువుల్లో కనిపించే నల్లకలువ, ఎర్రకలువ ఈ వర్గంవే. పువ్వు నీటి మీద కూర్చోకుండా కాడతో పైకి లేచి పూస్తుంది, చాలా రకాలకు మంచి వాసన ఉంటుంది. రీల్స్‌లో మిమ్మల్ని ఆపేసే ఆ నీలం రంగు వీటిదే.

ఆకు నుంచి పిలక రావడం అనే గుణం అన్ని రకాలకూ లేదు. రీల్ చెప్పకుండా దాటేసే సంగతి ఇది. పగటిపూట పూసే ట్రాపికల్ రకాల్లో కొన్నింటికే అది ఉంది. ‘డాబెన్’, ‘పనామా పసిఫిక్’, ‘టీనా’ లాంటివి. వీటి ఆకు నడిబొడ్డున, సరిగ్గా కాడ అతికే చోట, ఒక చిన్న బుడిపె లేస్తుంది. అందులోంచి గోరంత ఆకులు, కింద తెల్లటి వేళ్లు వస్తాయి. తల్లి ఆకు ముదిరి పసుపుబారే వేళకు పిలక సొంతంగా బతకడానికి సిద్ధమవుతుంది. ఆ బుడిపె లేని రకం ఆకును ఎన్నాళ్లు నీళ్లలో తేలేసినా కుళ్లడం తప్ప ఇంకేం జరగదు. కాబట్టి ‘ఏ కలువ ఆకైనా పంపండి’ అని ఎవరినైనా అడిగే ముందు ఆ రకం పేరు అడగండి.

మిగతా రకాలకు దారి దుంప. బాగా ఎదిగిన ట్రాపికల్ కలువ మొవ్వు కింద వక్కలా గట్టిగా ఉండే దుంప కడుతుంది. చలికో, నీళ్లు తగ్గినప్పుడో ఆకులన్నీ వదిలేసి మొక్క ఆ దుంపలో దాక్కుంటుంది. మళ్లీ వెచ్చటి నీళ్లు తగలగానే సన్నటి తీగలాంటి కాడను పైకి పంపి, దాని చివర ఒక కొత్త మొక్కను తయారుచేస్తుంది. ఆ మొక్కకు నాలుగైదు ఆకులు, సొంత వేళ్లు వచ్చాక తీగ దగ్గర గిల్లి వేరే కుండీలో నాటుకోవాలి. దుంపను పారేయకూడదు. దాన్ని మళ్లీ అదే నీళ్లలో వదిలేస్తే ఇంకో మొక్కను పంపుతుంది, ఒక్కోసారి ఆ తర్వాత మరొకటి కూడా. నన్నడిగితే ఓపిక ఉన్నవాళ్లకు ఇదే నమ్మకమైన దారి. పెద్ద టబ్బులో విలాసంగా పెరిగిన మొక్క కన్నా చిన్న కుండీలో ఇరుకుగా పెరిగిన మొక్క దుంప బాగా కడుతుందని పాత పెంపకందార్లు చెబుతారు. నేను చూసిందీ అదే.

విత్తనం సంగతి చదవడానికి బాగుంటుంది, సంపాదనకు పనికిరాదు. కలువ పువ్వు మూడు నాలుగు రోజులు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. మొదటి రోజు అది ఆడపువ్వు, నడిమి గిన్నెలో జిగురు ద్రవం నిండి ఉంటుంది. పుప్పొడి రాలేది రెండో రోజు నుంచి. రెండు రకాలను కలపాలంటే ఒకదాని పాత పువ్వు పుప్పొడిని ఇంకోదాని మొదటిరోజు పువ్వు గిన్నెలో వేయాలి. కాయ కడితే నీటి కిందకు వెళ్లి పండుతుంది, పగిలాక గింజలు తేలుతూ చెదిరిపోతాయి, అందుకే ముందే పల్చటి గుడ్డ సంచి కట్టి ఉంచాలి. అమెరికాలోని మిస్సోరి బొటానికల్ గార్డెన్‌లో జార్జ్ ప్రింగ్ అనే ఆయన దశాబ్దాల పాటు ఈ పని చేసి ఎన్నో ట్రాపికల్ కలువలను లోకానికి ఇచ్చారు. ఇప్పుడు ఆ సందడి థాయ్‌లాండ్‌లో ఎక్కువ. కానీ హైబ్రిడ్లు చాలావరకు గింజ కట్టవు, కట్టినా పిల్ల తల్లిలా ఉండదు. కొత్త రకం పుట్టించాలన్న పిచ్చి ఉన్నవాళ్ల దారి అది.

నీళ్లలో మొక్కకు చావడానికి ఏముంది?

మా జూనియర్ ఒకడు అచ్చంగా ఇదే అడిగాడు. ‘‘అన్నా, ఎండిపోతుందన్న భయం కూడా లేదు కదా, ఇంక అది చావడానికి ఏముంది?’’

చాలా ఉంది. మొదటిది లోతు. గోరంత ఆకులున్న పిలకను అడుగున్నర లోతు టబ్బు అడుగున పెడితే దానికి వెలుగు సరిగా అందదు. ఆకు పైకి రావడానికి ఉన్న బలమంతా ఖర్చుపెట్టి, మధ్యలోనే కరిగిపోతుంది. నాలుగంగుళాల కుండీలో నాటండి. టబ్బులో ఇటుకలు పేర్చి, మొవ్వు మీద రెండు మూడు అంగుళాల నీళ్లు మాత్రమే ఉండేలా పైకి ఎత్తి పెట్టండి. ఆకులు నీటి మీద పరుచుకుంటున్న కొద్దీ ఒక్కో ఇటుక తీస్తూ కిందకు దింపండి. ఇందులో రాకెట్ సైన్సేమీ లేదు, అయినా ఎక్కువ పిలకలు పోయేది ఇక్కడే.

తర్వాత మట్టి. కుండీ మొక్కలకు వాడే కోకోపీట్ మిక్స్ నీళ్లలో తేలిపోతుంది, తేలనిది కుళ్లుతుంది. చెరువు మట్టి గానీ పొలంలోని బరువైన బంకమట్టి గానీ వాడండి, పైన గులక ఇసుక ఒక పొర వేస్తే చేపలు తవ్వకుండా ఉంటాయి. వేళ్లు మట్టిలో, మొవ్వు బయట. మొవ్వు మీద మట్టి కప్పితే అది ఊపిరాడని బిడ్డే.

ఇక ఎరువు. మన బుర్రలు ఎప్పుడూ ఆప్టిమైజ్ చేయాలని చూస్తాయి కాబట్టి ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: మొదటి రెండు మూడు వారాలు ఏమీ వేయకండి. ఆ తర్వాత కూడా నిదానంగా కరిగే ఎరువు కొద్దిగా, కాగితంలో చుట్టి, మట్టి లోపలికి వేలితో గుచ్చాలి. డీఏపీ గింజలు నీళ్లలో చల్లారంటే విందు పాచికి. రెండు వారాల్లో ఆకుపచ్చ దారాలు పిలకను చుట్టేసి వెలుగు మింగేస్తాయి. అప్పుడు పాత టూత్‌బ్రష్‌కు చుట్టుకుంటూ లాగడం తప్ప వేరే మార్గం లేదు. పచ్చి పేడ అయితే నీళ్లనే చెడగొడుతుంది.

ఎండ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కలువల పుస్తకాలు, వీడియోలు చాలావరకు చలి దేశాలవి. వాళ్ల బాధంతా నీళ్లు ఎలా వెచ్చబెట్టాలన్నది. మన బాధ రోహిణి కార్తె. సిమెంటు మేడ, నల్ల ప్లాస్టిక్ టబ్బు, ఇరవై లీటర్ల నీళ్లు... మధ్యాహ్నం రెండింటికి అందులో చెయ్యి పెట్టి చూడండి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, లేత వేళ్లు మెత్తబడతాయి. కలువకు ఆరు గంటల ఎండ కావాలన్న సూత్రం పూసే మొక్కకు వర్తిస్తుంది. పిలకకు మొదట్లో షేడ్‌నెట్ కింద పలచటి వెలుగు చాలు. వీలైతే చిన్న చిన్న టబ్బులు పది పెట్టే బదులు ఒక పెద్ద తొట్టిలో పది కుండీలు పెట్టండి, ఎక్కువ నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి. తగ్గిన నీళ్లు పొద్దున్నే పోయండి. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి వచ్చే నీళ్లు టీ పెట్టుకోవడానికి పనికొచ్చేంత వేడి. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్‌లో ఉంచి పోయాలి. ఆదిలాబాద్ వైపు వాళ్లకు డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇంకో సమస్య, ఆ చలికి పెరుగుదల ఆగిపోతుంది. ఆ రెండు నెలలూ పిలకలు తీసే పని పెట్టుకోకండి.

పురుగుల్లో ఆకుల మీద గుంపుగా చేరే పేనుబంక మామూలు. మందు కొట్టకండి, చేపలు చస్తాయి. నీళ్ల పైపుతో ఆకును ముంచి కడిగితే గప్పీ చేపలకు భోజనం. గప్పీలు ఎలాగూ ఉండాలి, లేకపోతే మీరు కలువల పేరుతో దోమలు పెంచుతున్నట్టే. డెంగీ సీజన్‌లో మీ మేడ మీదకు మునిసిపాలిటీ వాళ్లొస్తే తప్పు వాళ్లది కాదు. నత్తలను చేత్తో ఏరేయాలి. కోతులకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు, వల తప్ప.

సివిల్ వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ మిగతా బ్రాంచీల కోసం: 100 లీటర్ల టబ్బు అంటే నీళ్లే 100 కిలోలు. అలాంటివి పది అంటే టన్ను. అద్దె ఇంటి మేడ మీద పెట్టేముందు ఓనర్‌ను కాదు, ఆ స్లాబ్ కింద బీములు ఎక్కడున్నాయో అడగండి. ఓనర్‌ను ఎలాగూ అడగాలి.

క్యూ గార్డెన్స్‌లో ఒక డీబగ్గింగ్

ప్రపంచంలో అతి చిన్న కలువ రువాండాలో ఉండేది. శాస్త్రీయ నామం నింఫియా థెర్మారమ్. ఆకు సెంటీమీటర్ వెడల్పు దాకా చిన్నదిగా ఉండగలదు. 1987లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ ఫిషర్ మషూజా అనే వేడినీటి ఊట దగ్గర దాన్ని గుర్తించారు. తర్వాత ఆ ఊట నీళ్లను జనం మళ్లించుకోవడంతో అక్కడ అది కనుమరుగైంది. అదృష్టంకొద్దీ జర్మనీలో బాన్ బొటానిక్ గార్డెన్ కొన్ని మొక్కలను కాపాడింది. లండన్ క్యూ గార్డెన్స్‌లో కార్లోస్ మాగ్దలీనా అనే హార్టికల్చరిస్ట్‌కు దాని గింజలు వచ్చాయి. గింజలు మొలిచేవి. మొలకలు కొద్దిగా పెరిగి చనిపోయేవి. నీటి గట్టిదనం, పీహెచ్ వగైరా మార్చి చూశారు. ఫలితం లేదు.

మిగతా కలువల మొలకలన్నీ నీటి కింద పెరుగుతాయి కాబట్టి దీన్నీ అలాగే పెంచుతూ వచ్చారు. కానీ ఇది సహజంగా ఉండేది ఊట పక్కనున్న తడి బురదలో. నీటిలో కార్బన్ డయాక్సైడ్ కదలిక గాలిలో కన్నా దాదాపు పదివేల రెట్లు నిదానం. అంటే నీట మునిగిన ఆ బుల్లి మొలకకు తిండి అందడం లేదన్నమాట. కుండీ మట్టిని నీటి మట్టానికి సమానంగా ఎత్తి, 25 డిగ్రీల వెచ్చదనంలో ఆకులు గాలికి తగిలేలా పెట్టారు. మొక్కలు పుంజుకున్నాయి, 2009లో పూశాయి. ఆ మొక్క విలువ ఎంతంటే, 2014 జనవరిలో క్యూలో ఒకదాన్ని ఎవరో దొంగిలించుకుపోయారు కూడా.

కోడ్ రాసేవాళ్లకు ఇది తెలిసిన అనుభవమే. లాగ్‌లో ప్రతి లైనూ మారుస్తాం, ఎవరూ ప్రశ్నించని ఆ ఒక్క డీఫాల్ట్ సెట్టింగ్‌ను మాత్రం ముట్టుకోం. ఉద్యోగాల పేజీలో దీన్ని చెప్పడానికి కారణం ఉంది. ఇంటర్వ్యూలో ‘ఒక సమస్యను మీరెలా పరిష్కరించారు’ అని అడిగితే, కాలేజీ బయట కొని తెచ్చిన మినీ ప్రాజెక్ట్ గురించి తడబడుతూ చెప్పడం కన్నా, 20 పిలకల్ని రెండు జట్లుగా పెట్టి, ఒక జట్టుకు లోతు, ఇంకో జట్టుకు నీడ మార్చి, ఎన్ని బతికాయో ఆరు వారాలు రాసి పెట్టుకున్న నోటుబుక్కు చూపించడం నాకు ఎక్కువ నచ్చుతుంది. మీరే చేశారు కాబట్టి మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ జవాబుంటుంది. దీనికి సెన్సర్లు, యాప్ అక్కర్లేదు. ఈసీఈ వాళ్లకు చెయ్యి దురద పెడుతుందని తెలుసు, కానీ మొదటి సీజన్‌కు ఒక థర్మామీటర్, ఒక పెన్ను చాలు.

డబ్బుల విషయానికి వద్దాం. కలువలు అమ్ముకుని బతికేవాళ్లు ఉన్నారు. కడియం వైపు ఒకసారి వెళ్లి చూడండి, మొక్కల మీదే నిలబడ్డ కుటుంబాలు ఎన్నో. కానీ అది ఏళ్ల తరబడి చేతికి వచ్చిన పని. మీరు ఉద్యోగ ప్రయత్నం ఆపేసి దీన్ని మొదలుపెట్టాలని నేను చచ్చినా చెప్పను. దాని పక్కన పెట్టుకోండి, రోజుకు అరగంట. వరసగా రెండు బ్యాచులు పదింట్లో ఎనిమిది బతికే దాకా ఒక్కటి కూడా అమ్మకండి. నిజంగా ఇష్టం పుడితే వెంకటరామన్నగూడెంలోనూ ములుగులోనూ ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి, వాటి కోర్సుల సంగతి కనుక్కోవచ్చు.

అమ్మేటప్పుడు ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. ఆకు మీద బుడిపె లేవగానే కోసి, తడి కాగితంలో చుట్టి కొరియర్‌లో వేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. కొన్నవాడి దగ్గర అది పది రోజుల్లో కరిగిపోతుంది. ‘మీకు పెంచడం రాలేదు’ అని సమాధానం. కొన్నవాళ్లలో చాలామంది మీలాంటి విద్యార్థులే, పాకెట్ మనీతో కొన్నవాళ్లు. దీన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రాదు. సొంత కుండీలో వేళ్లు పట్టి, కనీసం నాలుగు ఆకులు నీటి మీద పరిచిన మొక్కనే పంపాలి. మే నెలలో అసలు పంపకూడదు, కొరియర్ గోడౌన్ వేడికి ఉడికిపోతుంది. అమ్ముడుపోని పిలకల్ని, గప్పీల్ని ఊరి చెరువులో వదలడం కూడా వద్దు. గుర్రపుడెక్క మన దేశంలోకి అందమైన పూలమొక్కగానే వచ్చింది. ఇప్పుడు ఏ కాలువ చూసినా అదే. మిగిలినవి ఎండబెట్టి ఎరువులో కలిపేయండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జూన్ చివర, రెండు మంచి వానలు పడి మేడ చల్లబడ్డాక సరైన టైమ్. ఒకే ఒక్క తల్లి మొక్క కొనండి. డాబెన్ అయితే మేలు, చిన్న టబ్బులో, ఎండ కాస్త తక్కువైనా పూస్తుంది. కొనేముందు మొవ్వు దగ్గరి ఫొటో, వేళ్ల ఫొటో అడగండి, పువ్వు ఫొటో ఎవరైనా పంపుతారు. మొవ్వు గట్టిగా ఉండాలి, వేళ్లు కొన్నైనా తెల్లగా ఉండాలి. నాటిన మొదటి వారంలో పాత ఆకులు పసుపుబారి పోతాయి, దానికి కంగారుపడి ఎరువు వేయకండి. నడుమ నుంచి కొత్త ఆకు సన్నగా చుట్టుకుని పైకి వస్తోందా లేదా, అది ఒక్కటి రోజూ చూడండి.